రెండో గొంతు

కరోనా రావడానికి రెండేళ్ల ముందు, వానాకాలం వెళ్లిపోతున్న రోజుల్లో, ఢిల్లీలోని ఒక కళాసంస్థ జముకుల కథ మీద డాక్యుమెంటరీ తీసే పని నాకు అప్పగించింది. మా వృత్తిలో దీన్ని కమిషన్ అంటారు. ఖర్చు వాళ్లది, కష్టం మనది, చివరి మాట ఒప్పందంలో ఎవరిదని రాసి ఉంటే వాళ్లది. హైదరాబాదులో అసిస్టెంట్ ఎడిటర్‌గా మొదలుపెట్టి, ఎవరి కిందా ఇమడలేక విజయనగరం తిరిగొచ్చి, అప్పటికి చాలా ఏళ్లుగా సొంతంగా సినిమాలు తీసుకుంటూ బతుకుతున్నాను. పత్రికలవాళ్లు నన్ను స్వతంత్ర దర్శకురాలు అని రాసేవారు. ఒక యజమాని చెప్పినట్టు వినే బదులు పదిమంది చెప్పినట్టు వినడాన్ని స్వతంత్రం అంటారని వాళ్లకు నేను ఎప్పుడూ విడమరిచి చెప్పలేదు.

ఈ పనిలో ఉండి ఒంటరిగా సినిమా తీశానని ఎవరైనా అంటే నమ్మకండి. రామతీర్థంలో నాదస్వరం వాయించే కుటుంబంతో కలిసి ఒక సినిమా తీశాను. సముద్రం ఒడ్డు పల్లెల్లో వల లాగేటప్పుడు పాడే పాటల మీద, ఒక చిత్రకారుడితో కలిసి ఇంకొకటి తీశాను. వాటిలో చిన్న తగాదాలు ఉన్నాయి, పెద్ద స్నేహాలూ ఉన్నాయి. ఆ ముచ్చట్లు ఎవరైనా అడిగితే సంతోషంగానే చెబుతాను. జముకుల కథ సినిమా గురించి మాత్రం ఇన్నాళ్లూ దాటేస్తూ వచ్చాను. ఇప్పుడు పని మానేశాను కాబట్టి, ఈ వృత్తిలోకి రావాలనుకునేవాళ్లకు పనికొస్తుందేమోనని రాస్తున్నాను.

జముకు అంటే చిన్న గుండ్రటి వాయిద్యం. ఒకవైపు తోలు మూసి ఉంటుంది, ఆ తోలు మధ్యలోంచి ఒక నరం లాగి ఉంటుంది. నరాన్ని బిగించి మీటితే ఎవరో గొంతు సవరించుకుని మాట్లాడబోతున్నట్టు మోగుతుంది. ఆ వాయిద్యంతో చెప్పే కథ కనుక జముకుల కథ. ఒకరు కథ చెబుతారు, పక్కన వంత పాడతారు. మామూలుగా ముగ్గురు ఉంటారు గానీ నేను ఎంచుకున్న జట్టులో ఇద్దరే. నరసన్నపేట దగ్గర పల్లె వాళ్లది. కథ చెప్పేది పైడయ్య, అప్పటికి అరవై దాటాయి. జముకు మీటుతూ వంత పాడేది సూరప్పడు. సూరప్పడి అక్క లచ్చమ్మే పైడయ్య భార్య. బావా బావమరుదులు మీసాలు రాకముందు నుంచీ కలిసి కథ చెబుతున్నారు.

వాళ్ల దగ్గర ఆ ఊరి అమ్మవారి కథ ఒకటి ఉంది. పండగకు మూడు రాత్రులు చెబితేగానీ అవ్వదు. అది ఎక్కడా రాసి లేదు. వాళ్ల ముందు తరం పోయింది, తరవాతి తరంలో ఎవరూ నేర్చుకోలేదు. నాకు కావలసింది ఆ కథ మొత్తం రికార్డు చేయడం. సంస్థకు కావలసింది నలభై నిమిషాల సినిమా. వాళ్ల సినిమా తీసిపెడితే, వచ్చే వేసవిలో అమ్మవారి పండగకు కథ మొత్తం రికార్డు చేయడానికి సాయం చేస్తామని వాళ్లు మాట ఇచ్చారు. ఆ మాట కోసమే నేను మిగతావన్నీ ఒప్పుకున్నాను.

వంత అనగానే చాలామంది చివరి ముక్క అందుకుని మళ్లీ పాడటం అనుకుంటారు. వీళ్లది అలా కాదు. పైడయ్య ‘తల్లి కొండ దిగొచ్చినాది’ అని పాడి ఆగుతాడు. సూరప్పడు ‘దిగొచ్చినాది, దిగొచ్చి ఏ తోవట్టినాది?’ అని అడుగుతాడు. అప్పుడే పైడయ్య తరవాతి ముక్క ఎత్తుకుంటాడు. కథ పొడుగునా ఇంతే, ఒకరు అడగాలి, ఒకరు చెప్పాలి. ఏ ఊళ్లో ఏది అడగాలో సూరప్పడి ఇష్టం. వరి పండే ఊళ్లో అమ్మవారిని పొలాల మీదుగా నడిపిస్తాడు, సముద్రంలో చేపల వేటకు వెళ్లేవాళ్ల ఊళ్లో ఇసక మీదుగా నడిపిస్తాడు. ఒకసారి సూరప్పడు పొలానికి వెళ్లి ఆలస్యం చేస్తే, ఈలోగా కొంచెం పాడి వినిపించమని పైడయ్యను అడిగాను. ఆయన నవ్వేశాడు.

“ఆడు అడక్కుండా ఎలగొస్తాదమ్మా? కత నా నోట్లో ఉంటాది, తోవ ఆడి నోట్లో ఉంటాది” అన్నాడు.

లోపల చేటతో బియ్యం చెరుగుతున్న లచ్చమ్మ, “ఇద్దరికీ కలిపి ఒకటే బుర్ర అమ్మా, అదీ సగం సగం” అంది.

షూటింగ్ బడి వరండాలో ఆదివారాలు చేశాను. వెలుతురు బాగుంటుందని పగలే చెప్పించాను, అదీ సినిమాకు సరిపడా మొదటి కొన్ని ముక్కలే, మిగతా కథ పండగకని ఉంచాను. ఇద్దరికీ చెరొక కాలర్ మైకు పెట్టి, ఇద్దరి గొంతులూ విడివిడి ట్రాకుల మీద రికార్డు చేశాను. ట్రాకు అంటే ఒక్కో మైకులోంచి వచ్చిన శబ్దం దేనికది విడిగా ఉండే వరస. ఒకరు దగ్గితే ఇంకొకరి మాట పాడవకుండా ఉంటుందని వృత్తి తెలిసినవాళ్లందరూ అలాగే చేస్తారు. రఫ్ కట్, అంటే మెరుగులు దిద్దని మొదటి కూర్పు, తయారయ్యాక ల్యాప్‌టాప్ పట్టుకెళ్లి వాళ్లింట్లోనే చూపించాను. సూరప్పడు తన ముఖం తెరమీద పెద్దగా కనబడేసరికి సిగ్గుపడి తలపాగా తీసేశాడు. తెరమీద సూరప్పడు ప్రశ్న అడిగినప్పుడల్లా ఇక్కడ కూర్చున్న పైడయ్య అలవాటు కొద్దీ జవాబు పాడేస్తున్నాడు. తెరమీది పైడయ్యా ఇక్కడి పైడయ్యా కలిసి పాడుతుంటే అందరం నవ్వుకున్నాం. ఈ వృత్తిలో నేను పూర్తిగా సంతోషపడిన సాయంత్రాల్లో అదొకటి.

ఆ కూర్పు చూశాక సంస్థలో నాతో మాట్లాడే అధికారి నందిత ఫోన్ చేసింది. హోదా ప్రోగ్రామ్ మేనేజర్. చురుకైన మనిషి, మర్యాదస్తురాలు, పని అంటే ప్రాణం పెట్టే రకం. ఆమెను చెడ్డదానిగా చూపిస్తే ఈ జ్ఞాపకం రాయడం నాకు తేలికయ్యేది. సినిమా వాళ్లందరికీ నచ్చిందనీ, దీన్ని ఢిల్లీలో రంగస్థల ప్రదర్శనగా పెంచుతున్నామనీ చెప్పింది. వెనక తెరమీద నా సినిమా నడుస్తుంది, ముందు పైడయ్య స్వయంగా కథ చెబుతాడు, ఇద్దరు నగర సంగీతకారులు వాయిద్యాలు వాయిస్తారు. కళాకారుణ్ణి పంపమంది. ఇద్దరు కళాకారులు అన్నాను. వేదిక రూపకల్పనలో ఒక్క మనిషికే చోటు ఉందనీ, ఒకే దీపపు వెలుతురులో ఒంటరిగా నిలబడ్డ కథకుడు అన్నదే ఆలోచన అంతా అనీ చెప్పింది. ఫోన్లో వాదించాను, మెయిళ్లలో వాదించాను. వంత పాడటానికి తర్ఫీదు పొందిన గాయకులు తమ దగ్గర ఉన్నారని జవాబు వచ్చింది.

ఈ మాట చెబితే బావా బావమరుదులు రామని కొట్టిపారేస్తారని, దాంతో నా పీడా పోతుందని అనుకుంటూ పల్లెకు వెళ్లాను. తీరా చెప్పాక సూరప్పడు నన్ను చిన్నపిల్లను చూసినట్టు చూశాడు.

“నాను బొమ్మలో ఉన్నాను గదమ్మా. అక్కడ బొమ్మ ఆడతాది. నాను బొమ్మలోంచి అడుగుతాను, బావ కిందనుంచి సెప్తాడు. మరింక నాను రైలెక్కడం దేనికి?”

పైడయ్య కూడా అంతేగా అన్నట్టు తల ఊపాడు. ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తెరలోని బావమరిదికి జవాబు పాడినవాడు కనుక ఆయనకు అందులో వింత ఏమీ తోచలేదు. ఆలోచించిన కొద్దీ నాకూ అది బాగుందనిపించింది. ప్రదర్శన కోసం ఒక ప్రత్యేక కూర్పు చేశాను. తెరమీద సూరప్పడు అడుగుతాడు, పైడయ్య చెప్పడానికి ఎంతసేపు పడుతుందో అంతసేపు సూరప్పడి ముఖమే వింటూ ఉంటుంది, తరవాత మళ్లీ అడుగుతాడు. పల్లెలో రెండుసార్లు ఇద్దరినీ కూర్చోబెట్టి సరిచూసుకున్నాను. సంస్థకు పంపితే చాలా మంచి ఆలోచన అని నందిత రాసింది. ఆ వాక్యం నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

ఆమదాలవలస స్టేషన్‌లో మమ్మల్ని రైలెక్కించడానికి సూరప్పడు వచ్చాడు. పైడయ్యకు తోడుగా నేనే వెళ్తున్నాను. రైలు కదిలేముందు కిటికీ ఊచలు పట్టుకుని బావకు జాగ్రత్తలు చెప్పాడు.

“బావా, జనాన్ని సూడకు, తెరకేసి సూడు. నాను ఒకపాలి తొందరగా అడిగీసినా నువ్వు కంగారుపడకు. నానక్కడే ఉంటాను.”

రంగస్థలం పనిలో ప్రదర్శనకు ముందు టెక్నికల్ రిహార్సల్ అని ఒకటి ఉంటుంది. దీపాలు, శబ్దం, తెర అన్నీ ఒకదానితో ఒకటి కుదిరాయో లేదో చూసుకుంటారు. ఆ రోజు దీపాలు మాత్రం చూశారు. తెరకు సంబంధించిన యంత్రం ఇంకా సిద్ధం కాలేదన్నారు. పైడయ్యను ఒక బల్ల మీద నిలబెట్టి, వెలుతురు ముఖం మీద పడేలా అటూ ఇటూ జరిపారు. మీ కూర్పు మా దగ్గర భద్రంగా ఉందని నందిత చెప్పింది. ఆ ఒక్క జవాబుతో ఊరుకున్నందుకు నన్ను ఎవరైనా తప్పుపట్టవచ్చు, కానీ ఆ హోదాలో ఉన్నవాళ్లు చెప్పినదాన్ని నమ్మకుండా ఈ వృత్తిలో ఏ పనీ సాగదు.

సాయంత్రం హాలు నిండింది. నేను ప్రేక్షకుల్లో ముందు వరసలకు దగ్గరగా కూర్చున్నాను. తెర వెలిగింది. సముద్రం కనబడింది. తరవాత వరిచేలు, తరవాత జముకు మీటే వేళ్లు చాలా దగ్గరగా, చప్పుడు లేకుండా. వేళ్లు మాత్రమే ఉన్నాయి. వాటి వెనక మనిషి లేడు. పైడయ్య గొంతెత్తి ‘తల్లి కొండ దిగొచ్చినాది’ అని పాడి తెరకేసి తిరిగాడు. తెరమీద మళ్లీ సముద్రం వచ్చింది. ఆయన ఆగాడు. అలలు ఒడ్డుకొచ్చి వెనక్కి వెళ్తున్నాయి. మళ్లీ అదే ముక్క పాడాడు, ఈసారి కాస్త గట్టిగా, చెవుడున్నవాణ్ణి పిలిచినట్టు. పక్కనున్న సంగీతకారుడు తీగ మీద కమాను పెట్టి సన్నగా ఒక నాదం లాగాడు. తర్ఫీదు పొందిన గాయని ‘దిగొచ్చినాది’ అని తీయగా ఆలాపన చేసింది గానీ ఏమీ అడగలేదు. పైడయ్య ఆమె వైపు చూశాడు, తెరవైపు చూశాడు. మూడోసారి పాడినప్పుడు చివర మాట లోపలికి వెళ్లిపోయింది. ఆ తరవాత చేతులు రెండూ కలిపి పట్టుకుని, తెరకేసి చూస్తూ, అలాగే నిలబడ్డాడు. వాళ్ల లెక్క ప్రకారం దీపం నెమ్మదిగా ఆరిపోయేదాకా నిలబడ్డాడు.

జనం లేచి నిలబడి చప్పట్లు కొట్టారు. నా పక్కనున్న పెద్దమనిషి, ఆ మౌనాన్ని వాడుకోవడానికి ఎంత ధైర్యం కావాలో అని తన భార్యతో అన్నాడు. నందిత తడిసిన కళ్లతో వచ్చి నన్ను కౌగిలించుకుంది. నా కూర్పు ఏమైందని అడిగాను. తెలియని భాషలో రెండు గొంతులు కలిస్తే ప్రేక్షకులకు గజిబిజిగా ఉంటుందని సంగీతకారులు అన్నారట, ఒంటరి కథకుడు అన్న భావన పలచబడుతుందట, చివరి నిమిషంలో మళ్లీ కూర్పు చేయించారట. చివరి కూర్పు హక్కు వాళ్లదే, ఒప్పందంలో ఉంది. “ఆ రెండో గొంతును మీరు విడి ట్రాకులో ఇచ్చారు కాబట్టి తీసేయడం చాలా తేలికైంది, థాంక్యూ” అని కూడా అంది. ఎగతాళిగా అనలేదు, మనసారా అంది. ఆ తరవాత నేను జంటగా పాడేవాళ్లను ఎప్పుడూ ఇద్దరికీ మధ్య ఒకే మైకు పెట్టి రికార్డు చేశాను. శబ్దం అంత శుభ్రంగా రాదు.

లోపల గదిలో పైడయ్య కుర్చీలో కాకుండా నేలమీద కూర్చుని ఉన్నాడు. నన్ను చూసి మొదట అడిగింది ఇదీ.

“ఆడు రానేదేటమ్మా?”

వాళ్లు తీసేశారని చెప్పాను. తీసేయడమంటే ఏమిటో ఆయనకు వెంటనే అర్థం కాలేదు. మనిషిని బొమ్మలోంచి ఎలా తీస్తారని అడిగాడు. చెప్పాను. ఆయన కోప్పడలేదు. అంతకంటే పెద్ద భయం ఒకటి ఆయన్ని పట్టుకుని ఉంది. అమ్మవారి కథ ఎత్తుకున్నాక మంగళం పాడి దించాలి. ఎంత కుదించి చెప్పినా సరే, వాన వచ్చి జనం లేచిపోయినా సరే, మంగళం పాడకుండా లేవకూడదు. ఆ మంగళం కూడా ఒకరు అడిగి ఒకరు చెప్పేదే. వాళ్ల ఇంట్లో తాత ముత్తాతల నుంచి కథ దించకుండా లేచినవాడు లేడు.

“మజ్జిలో ఒగ్గీసినాను తల్లీ. దించని కత బయటుండదు, సెప్పినోడి ఇంటికే వస్తాది” అన్నాడు.

అలాంటిదేమీ జరగదని నేను అన్నాను. ఆ మాట ఆయన విన్నట్టు కూడా లేడు. తిరుగు ప్రయాణంలో సగం దారి దాటాక మాత్రం నోరు విప్పి, సూరప్పడికి నేనేమీ చెప్పవద్దనీ, తానే చెబుతాననీ మాట తీసుకున్నాడు. ముందు వాడితో కూర్చుని మంగళం పాడేసి కథ దించుతాడట, ఆ తరవాత చెబుతాడట. దించకముందే చెబితే లచ్చమ్మ మీద ఏం వచ్చి పడుతుందోనని వాడు బెంగపడి చస్తాడన్నాడు.

ఆమదాలవలసలో దిగేసరికి సూరప్పడు ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. సంచి అందుకుంటూనే అడిగాడు.

“బావా, నా మాట ఇనబడ్డాదా?”

“ఇనబడ్డాది రా. పెద్దగా ఇనబడ్డాది” అన్నాడు పైడయ్య.

సూరప్పడి ముఖం వెలిగిపోయింది. నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఇచ్చిన మాట ఉంది కనుక నోరు మెదపలేదు.

మంగళం పాడటానికి మంచిరోజు చూసుకునే లోపు సంస్థ సినిమాను కూడా అలాగే మళ్లీ కూర్చి ఇంటర్నెట్‌లో పెట్టేసింది. దానికి ‘ఒంటరి కథకుడు’ అని పేరు పెట్టారు. నరసన్నపేటలో టీకొట్టు దగ్గర ఎవరో తమ పల్లె పేరు చూసి సూరప్పడికి ఫోన్లో చూపించారు. అతను మొదటి నుంచి చివరిదాకా చూశాడట. మళ్లీ ఒకసారి పెట్టించుకుని చూశాడట. అక్కడి నుంచి నేరుగా బావ ఇంటికి వెళ్లి, గడపలోనే నిలబడి, “నన్ను తీయించీసి వొచ్చి, ఇనబడ్డాదని సెప్తావేటి బావా” అన్నాడట. పైడయ్య మాత్రం “కూకో, ఒక్క మంగళం పాడీసుకుందాం, అన్నీ సెప్తాను” అన్నాడట. సూరప్పడు ఇంటికెళ్లి జముకు నరం విప్పేశాడు. జముకు ఉన్నవాడు నరం విప్పడమంటే ఇక కథకు కూర్చోనని చెప్పడమే.

ఇదంతా నాకు లచ్చమ్మ ఫోన్లో చెప్పింది. పరుగున వెళ్లాను. ఇక మాట నిలబెట్టుకోవడంలో అర్థం లేదనిపించి, సూరప్పడికి హాల్లో జరిగినదంతా చెప్పాను. అతను ఓపిగ్గా విన్నాడు.

“బావ నాతో అబద్దం ఆడడమ్మా. పుట్టి బుద్దెరిగి ఆడనేదు. ఇనబడ్డాదన్నాడు. బొమ్మలో సూస్తే నాను కానరానేదు. ఆడికి తెలీకుండా తీసీసినారంటే ఆడు నాతో ఆ మాట ఎందుకంటాడు? దాని మీద నీ పేరు కూడా ఉన్నాది గదా.”

సినిమా చివర దర్శకత్వం అని నా పేరే ఉంది. అతని తర్కంలో నాకు ఎక్కడా సందు దొరకలేదు. పైడయ్య దగ్గరికి వెళ్లి, కథ సగంలో ఆగిపోయిందన్న నిజం వాడితో చెప్పెయ్యమని బతిమాలాను. “దించినాక సెప్తాను” అన్నాడు. దించాలంటే సూరప్పడు రావాలి. సూరప్పడు రావాలంటే నిజం చెప్పాలి. నేను ఆ రెండిళ్ల మధ్యా ఎన్నిసార్లు తిరిగానో, ప్రతిసారీ అదే గోడ.

సంస్థకు రాశాను. తీసేసిన గొంతు మళ్లీ పెట్టమన్నాను, లేదా సినిమా దించేయమన్నాను. సినిమాకు మంచి స్పందన వస్తోందనీ, ఈ దశలో మార్చడం సాధ్యం కాదనీ జవాబు వచ్చింది. కనీసం నా పేరు తీసేయమన్నాను. అది మాత్రం మర్నాటికల్లా తీసేశారు. తీయడంలో వాళ్లకు ఎప్పుడూ ఇబ్బంది లేదు. వేసవి పండగకు రికార్డింగ్ సాయం గురించి ఇక నేను అడగలేదు, వాళ్లూ ఎత్తలేదు. ఆ ఏడాది పండగకు కథ లేదు. ఊరివాళ్లు శ్రీకాకుళం నుంచి డీజే తెప్పించారు. ఒక కథ దించకుండా ఇంకో కథ ఎత్తనని పైడయ్య ఇంట్లోనే ఉండిపోయాడు.

ఆ తరవాత కరోనా వచ్చింది. మొదటి విడత వాళ్ల పల్లెను పెద్దగా తాకలేదు. రెండో విడతలో పైడయ్యకు జ్వరం పట్టుకుంది. సూరప్పడు అప్పుడు కూతురింట్లో ఉన్నాడు, రోడ్లు మూసేశారు, కబురు తెలిసి చేరుకునేసరికి అంతా అయిపోయింది. నేను విజయనగరంలో తలుపులు మూసుకుని కూర్చున్నాను.

రాకపోకలు మొదలయ్యాక లచ్చమ్మను చూడటానికి వెళ్లాను. జ్వరంలో ఆయన అదే ముక్క పాడేవాడట, తల్లి కొండ దిగొచ్చినాది అని. పాడి తలుపు వైపు చూస్తూ ఆగేవాడట.

“నాకు సూడ్డం సాతకాక నానే అడిగినానమ్మా, ఏ తోవట్టినాది అని. నువ్వు కాదే అన్నట్టు తలూపీసినాడు. మళ్లీ అదే ముక్క” అంది.

తన తమ్ముడికి కూడా ఆ మాట ఆమే చెప్పింది. నేను ఎంత చెప్పినా నమ్మనివాడు అది విని నమ్మాడు. అలా ఆగడం ఏమిటో అతనికి తెలుసు. బావ ఎవరికోసం ఎదురు చూస్తాడో, ఎంతసేపు చూస్తాడో లోకంలో అతనొక్కడికే తెలుసు.

నేను వచ్చానని తెలిసి ఆ మధ్యాహ్నమే సూరప్పడు అక్కడికి వచ్చాడు. చేతిలో జముకు ఉంది, నరం మళ్లీ ఎక్కించి ఉంది. నాతో మామూలు పలకరింపులు ఏమీ లేవు. ఢిల్లీలో బావ సరిగ్గా ఎక్కడ ఆగాడని అడిగాడు. చెప్పాను. నా సంచిలో ఎప్పుడూ ఉండే చిన్న రికార్డర్ తీసి, మీకు కథ అంతా తెలుసు కదా, మీరే చెప్పండి, మొదటి నుంచి రికార్డు చేస్తాను అన్నాను. ఆశ పడ్డానని ఒప్పుకుంటాను. ఆ క్షణంలో కథ దక్కుతుందనే అనుకున్నాను.

“నాను సెప్పలేనమ్మా. నాకు అడగడమే వొచ్చును. ఆడు సెప్తన్నప్పుడు నాను జముకు సూసుకునీవోణ్ణి” అన్నాడు.

పైడయ్య ఎప్పుడూ కూర్చునే వైపు చోటు వదిలి చాప మీద కూర్చున్నాడు. జముకు మీటి, ‘దిగొచ్చినాది, దిగొచ్చి ఏ తోవట్టినాది?’ అని అడిగాడు. అడిగి ఆగాడు. వేళ్లు నరం మీద ఆడుతూనే ఉన్నాయి. ఎదురుగా ఎవరో చెబుతున్నట్టు అప్పుడప్పుడూ తల ఊపాడు. ఆ చెప్పడం పూర్తయ్యేంతసేపు అయ్యాక, ‘అంత ఏటిని ఎలగ దాటినాది?’ అన్నాడు. మళ్లీ ఆగాడు. ‘సంకనున్న బిడ్డనెవులికి అప్పజెప్పినాది?’ ‘ఆ మాటకి ఊరోళ్లేటన్నారు?’ ‘అనీసి ఎనక్కి సూసినాదా, సూడనేదా?’

లచ్చమ్మ గుమ్మంలో కూర్చుని కొంగు నోట్లో కుక్కుకుంది. ఎండ వాలేదాకా సాగింది. ఒక్క ప్రశ్న దగ్గర కూడా అతను తడబడలేదు, ఒక్క జవాబు దగ్గర కూడా తొందరపడలేదు. చివర మంగళంలో తన వంతు పాదాలు పాడాడు, బావ వంతు వచ్చినచోట నోరు మూసుకుని జముకు మీటాడు. అయిపోయాక జముకును కళ్లకద్దుకుని, “దించీసినాను బావా” అన్నాడు. కథ నిజంగా దిగిందో లేదో అక్కడున్న ముగ్గురిలో ఎవరికీ తెలియదు. నేను రికార్డర్ ఆపాను.

ఆ రికార్డింగును తరవాత రెండు మూడు సంస్థలకు వినిపించాను. ఎక్కువ భాగం ఖాళీగా ఉందని, భద్రపరచడానికి పనికిరాదని అన్నారు. నేను వాళ్లతో వాదించలేదు. అందులో అమ్మవారు ఏరు దాటిందని తెలుస్తుంది, ఎలా దాటిందో తెలియదు. బిడ్డను ఎవరికో అప్పజెప్పిందని తెలుస్తుంది, ఎవరికో తెలియదు. తెలిసినవాడు పోయాడు. మిగిలినవాడు మరుసటి ఏడాది పోయాడు.

ఈ పని నాకు నేర్పింది ఇదీ. కళాకారుణ్ణి పంపమని ఎవరైనా ఏకవచనంలో అడిగితే, సంతకం పెట్టేముందు ఆ మనిషి పక్కన ఎవరు కూర్చుంటారో చూడాలి. అడిగేవాడు ఎవడో తెలియకుండా చెప్పేవాణ్ణి ఒంటరిగా ఎక్కడికీ తీసుకెళ్లకూడదు. దీనికి వాళ్లు ఒప్పుకోకపోతే సినిమా తీయకుండా వచ్చేయాలి. నేను ఆ సినిమా తీయకపోయి ఉంటే వాళ్లిద్దరూ ఆ వేసవి పండగకు మూడు రాత్రులూ కథ చెప్పి, మంగళం పాడి, తెల్లారాక ఇంటికి వెళ్లి పడుకునేవారు.